మాధ్యమాలు సమాజాన్ని చూపిస్తున్నాయా, మలుస్తున్నాయా?

ప్రశ్న (జిజ్ఞాస)

పత్రికల మీద గానీ, టీవీ చానళ్ల మీద గానీ విమర్శ వచ్చినప్పుడల్లా ఒకే జవాబు వినిపిస్తుంది. సమాజంలో ఉన్నదే చూపిస్తున్నామని, జనం చూస్తున్నారు కాబట్టే ఇస్తున్నామని అంటారు. అంటే మాధ్యమం అద్దం లాంటిదని వారి వాదన. దీనికి పూర్తి విరుద్ధంగా, ఓటు మొదలుకొని కట్టుకునే బట్ట దాకా జనం ఆలోచనలన్నిటినీ మాధ్యమాలే తయారుచేస్తున్నాయనే వారూ ఉన్నారు. నాకు ఈ రెండు మాటలూ అసంపూర్ణంగానే తోస్తున్నాయి. ఒకే వార్త చదివిన ఇద్దరు రెండు భిన్నమైన అభిప్రాయాలకు రావడం మనం చూస్తూనే ఉన్నాం. అలాగని ప్రభావం లేదనీ అనలేం, ఎందుకంటే చానళ్లన్నీ వారం పాటు ఒకే నేరం గురించి మాట్లాడితే ఆ వారమంతా అందరి నోటా అదే మాట ఉంటుంది. ఇంతకీ ఈ ప్రభావం ఏ మార్గంలో పనిచేస్తుంది? పరిశోధనల ఆధారంగా ఎవరైనా వివరిస్తే సంతోషిస్తాను.

సమాధానం (తరగతి గది)

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరోలినా రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో, ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని కలిసి, దేశానికి ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. అదే కాలంలో ఆ ఊరివారికి అందే పత్రికలు, టీవీ వార్తలు ఏ సమస్యకు ఎంత చోటు ఇచ్చాయో కొలిచి చూస్తే, జనం చెప్పిన ప్రాధాన్య క్రమమూ, మాధ్యమాలు ఇచ్చిన ప్రాధాన్య క్రమమూ దాదాపు ఒకేలా ఉన్నాయి. 1972లో ప్రచురితమైన ఈ అధ్యయనం నుంచే ‘ఎజెండా నిర్ణయం’ అనే సిద్ధాంతం వచ్చింది. ఒక సమస్యపై మన వైఖరి ఏమిటన్నది మాధ్యమం శాసించలేకపోవచ్చు గానీ, ఏ సమస్య గురించి ఆలోచించాలన్నది చాలావరకు అదే నిర్ణయిస్తుంది. అసలు ఇవ్వని వార్త మీద ఎవరికీ అభిప్రాయం ఉండదు కదా! అందుకే ప్రచురించిన వాటికన్నా వదిలేసిన వాటిని గురించి ఎక్కువగా ప్రశ్నించాలని నేను నా విద్యార్థులకు చెబుతుంటాను.

సమాధానం (శ్రోత)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక సవరణ చెప్పదలచుకున్నాను. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఓటర్లను నెలల తరబడి గమనించినప్పుడు, పత్రికలూ రేడియో మనసు మార్చిన ఓటర్లు చాలా తక్కువమందేనని తేలింది. వార్తలను శ్రద్ధగా అనుసరించే కొందరు వాటిని తమ చుట్టూ ఉన్నవారికి చెబుతారు, మిగిలినవారు ఆ మాటల మీద ఆధారపడతారు. చెప్పేది మనకు తెలిసిన మనిషి అయినప్పుడు నమ్మకం ఎక్కువ.

అయితే వార్తల కన్నా వినోదమే సమాజాన్ని లోతుగా మార్చగలదని నా అభిప్రాయం. బ్రెజిల్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1970లో 5.8 ఉండగా 1991 నాటికి 2.9కి తగ్గింది. అందుకు చదువు, నగరాల పెరుగుదల వంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ అక్కడి టీవీ చానల్ గ్లోబో ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఏడాది చేరింది కాబట్టి, దాని ప్రభావాన్ని విడిగా లెక్కగట్టే వీలు ఆర్థికవేత్తలకు దొరికింది. ప్రసారాలు చేరిన ప్రాంతాల్లో స్త్రీలకు పుట్టే పిల్లల సంఖ్య తగ్గిందని వారు గుర్తించారు. ఆ చానల్ సీరియళ్లలో ప్రధాన స్త్రీ పాత్రలు చాలావాటికి పిల్లలే లేరు, లేదా ఒక్కరే ఉన్నారు. చిన్న కుటుంబమే మేలని ఆ పాత్రలు ఉపన్యాసం ఇచ్చిందేమీ లేదు; రోజూ కంటికి కనబడే చిన్న కుటుంబం కొన్నేళ్లకు వింతగా అనిపించడం మానేసింది, అంతే. తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ పాత్రల పేర్లు పెట్టుకోవడం కూడా అదే పరిశోధనలో నమోదైంది.

జిజ్ఞాస

ఇద్దరికీ ధన్యవాదాలు. ఏ అంశాన్ని ఎంచుకున్నారన్నది ముఖ్యమని అర్థమైంది. మరి ఒకే అంశాన్ని ఎలా చెప్పారన్న దానివల్ల కూడా ఫలితం మారుతుందా?

సమాధానం (రాత్రి డెస్క్)

మారుతుంది, కొన్నిసార్లు ప్రాణాల లెక్కలోనే మారుతుంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మెట్రో రైలు 1978లో మొదలైంది. 1980ల మధ్యకు వచ్చేసరికి ఆ మెట్రోలో ఆత్మహత్యలు బాగా పెరిగాయి, పత్రికలు వాటిని నాటకీయంగా, సవివరంగా ప్రచురించేవి. 1987లో ఆస్ట్రియా ఆత్మహత్యల నివారణ సంఘం పాత్రికేయులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటి పేజీలో వేయవద్దని, శీర్షికలో ‘ఆత్మహత్య’ అనే మాట వాడవద్దని, పద్ధతిని వర్ణించవద్దని, ఒకే కారణానికి ముడిపెట్టవద్దని కోరింది. పత్రికలు మాట విన్నాయి. ఆ ఏడాది మొదటి ఆరు నెలలతో పోలిస్తే తరువాతి ఆరు నెలల్లో మెట్రోలో ఆత్మహత్యలు, ప్రయత్నాలు కలిపి 80 శాతానికి పైగా తగ్గాయి. రైళ్లు అవే, ప్లాట్‌ఫారాలు అవే. మారింది వార్త రాసే తీరు.

ఉపసంపాదకుడిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఈ నిర్ణయాలు పెద్ద చర్చల్లో జరగవు. ఎడిషన్ వదలడానికి కాస్త ముందు వార్త కాపీ చేతికి వస్తుంది. దాన్ని బ్యానర్ (పేజీ పైన పెద్ద శీర్షికతో ప్రధాన వార్త) చేయాలా, లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌కు కుదించాలా, ఫొటో పెట్టాలా వద్దా, శీర్షికలో ‘మనస్తాపంతో’ అని రాయాలా అన్నవి నిమిషాల్లో తేలిపోతాయి. ఆ ఒక్క మాట, ఎన్నో కారణాలున్న ఒక విషాదాన్ని పరీక్ష ఫలితానికో ప్రేమ వైఫల్యానికో సహజమైన పర్యవసానంగా మార్చేస్తుంది. అదే బాధలో ఉన్న ఇంకొకరు దాన్ని చదువుతారు. కాబట్టి ఉన్నదే చూపిస్తున్నామనే వాదనను నేను ఒప్పుకోలేను. ఉన్నదానిలో ఏది ఎంత పెద్దదిగా కనబడాలో మేమే నిర్ణయించాం, ఆ బాధ్యతా మాదే.

సమాధానం (తరగతి గది)

‘రాత్రి డెస్క్’ గారు చెప్పిన ఆ బాధ్యత ఇప్పుడు డెస్క్ దాటిపోయింది. 2018లో ‘సైన్స్’ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం, 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో సాగిన దాదాపు 1,26,000 కథనాల వ్యాప్తిని పరిశీలించింది. అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం నిజమైన వార్త కన్నా 70 శాతం ఎక్కువని తేలింది. బాట్లు, అంటే మనిషి ప్రమేయం లేకుండా వాటంతటవే సందేశాలు పంపే కంప్యూటర్ ప్రోగ్రాములు, రెండింటినీ ఇంచుమించు ఒకేలా పంపాయి, తేడా మనుషుల వల్లనే వచ్చింది. ‘శ్రోత’ గారు ప్రస్తావించిన ఆ తెలిసిన మనిషి స్థానంలో ఇప్పుడు మనమందరం ఉన్నాం. ఒక సందేశాన్ని కుటుంబ గ్రూపులోకి పంపే ముందు అది ఎక్కడ మొదలైందో చూడడం, తేదీ సరిచూసుకోవడం, అనుమానం ఉంటే ఆపేయడం ఒకప్పుడు ఉపసంపాదకుల పని. ఆ పనిని పాఠశాల స్థాయిలోనే నేర్పాలి. ఫిన్లాండ్ దాన్ని పాఠ్యప్రణాళికలోనే చేర్చింది.