వేమూరు దగ్గర ఊరు: జనాభా లెక్కలో తేడా

ప్రశ్న: 2011 జనాభా లెక్కల పట్టిక నుంచి మా ఊరి అక్షరాస్యత శాతం తీస్తే జిల్లా పుస్తకంతో కలవట్లేదు. బీసీల సంఖ్య ఎక్కడుంటుందండీ?

జవాబు: మొత్తం జనాభాతో భాగించి ఉంటారు. 0-6 ఏళ్ల పిల్లల్ని తీసేయాలి. ఉదాహరణకి 2,000 మందిలో పిల్లలు 200, చదువొచ్చినవాళ్లు 1,260 అయితే 70 శాతం. మీ పద్ధతిలో 63 వస్తుంది. బీసీల గడి వెతక్కండి, ఎస్సీ, ఎస్టీలకే ఉంది.

జవాబు: వేమూరు 2022 నుంచి బాపట్ల జిల్లా, కానీ 2011 పట్టికలో గుంటూరు కిందే చూడాలి. లెక్క రెవెన్యూ గ్రామానిది, శివారు పల్లెలు అందులోనే కలిసిపోతాయి. పంచాయతీ జనాభాతో పోల్చకండి.

జవాబు: అదే పట్టికలో వ్యవసాయ కూలీల సంఖ్య కూడా చూస్తుంటే, అది రెండు గడుల్లో ఉంటుంది. ఏడాదిలో ఆర్నెల్లకన్నా తక్కువ పని దొరికినవాళ్ల గడి వేరు, అదీ కూడండి. వదిలేస్తే ఆడకూలీల సంఖ్యే బాగా పడిపోతుంది.