సమస్య: పులినిఁ జూచి తాత ముద్దులాడె

విజయనగరం సభ్యుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చెయ్యండి. పు-ము యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం) చెల్లుతుంది, టెన్షన్ పడకండి. కల వచ్చిందని మాత్రం తప్పించుకోవద్దు. ఈ పాదం మా ఇంట్లో చాప మీద పుట్టింది. చైనాలో 1,800 ఏళ్ళ కిందట హువా తువో అనే వైద్యుడు పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి కదలికలతో ఒక కసరత్తు కూర్చాడు. శిష్యుడు వూ పూ అది చేస్తూ తొంభై దాటినా కళ్ళు, చెవులు, పళ్ళు చెడలేదని వాళ్ళ చరిత్రలో రాసుకున్నారు. నేనూ మనవరాలూ రోజూ పొద్దున్న అవే చేస్తున్నాం, చివర్లో మన మార్జాలాసనం కూడా.

బొబ్బిలి మాస్టారు:
పండ్లు బిగియఁ బట్టి పంజాలు చాచుచుఁ
జాప మీఁద దూకెఁ జంటిగాఁడు;
నడుము నొప్పి మఱచి నవ్వులు చిందించి
పులినిఁ జూచి తాత ముద్దులాడె.

పాలకొండ అక్క: బాగుంది మాస్టారూ, కానీ చంటిగాడంటే చంకలో పిల్లాడు కదా, దూకుతాడా?

బొబ్బిలి మాస్టారు: మా ఇంట్లో అయిదేళ్ళ వాణ్ణీ చంటిగాడనే పిలుస్తామమ్మా.

టెక్కలి సభ్యుడు: మా తేలినీలాపురం కొంగల్ని తలుచుకుని రాశాను.
కొంగ వలెను నిలిచి కోతియై గెంతుచు
లేడి వోలె మెడను మెల్లఁ ద్రిప్పి
పాప గాండ్రుమనఁగఁ బకపక నవ్వి యా
పులినిఁ జూచి తాత ముద్దులాడె.

విజయనగరం సభ్యుడు: రెండో పాదంలో లే-మె యతి కుదరలేదు బాబూ. మాటలు అటూ ఇటూ మార్చి 'మెడను లేడి వోలె మెల్లఁ ద్రిప్పి' అనండి, సరిపోతుంది. 'మెల్ల' అన్న మాట నాకు చాలా నచ్చింది, ఎందుకంటే లేడి వంతులో మెడ సాచి వెనక్కి చూడాలి, నా వయసులో గబుక్కున తిప్పితే కళ్ళు తిరుగుతాయి. కొంగలా నిలబడినప్పుడు నేను ఒక చెయ్యి గుమ్మానికి ఆనిస్తాను, మనవరాలు పది లెక్కపెడుతుంది, ఏడు దగ్గర కావాలనే ఆగి నా మొహం చూస్తుంది.

పాలకొండ అక్క:
పైడితల్లి జాత్రఁ బసుపు చారలు పూసి
గుంటఁడొకఁడు డప్పు కొట్టఁ గెంతె;
జడుసుకొన్న పాపఁ జంకకెత్తుకొని యా
పులినిఁ జూచి తాత ముద్దులాడె.

బొబ్బిలి మాస్టారు: పులివేషానికి ఒళ్ళు పసుపు, చారలు నలుపు కదమ్మా. 'బసుపు మసియుఁ బూసి' అంటే గణాలూ యతీ చెడవు, వేషమూ నిజమవుతుంది.

పాలకొండ అక్క: నిజమే, మార్చేస్తాను.

విజయనగరం సభ్యుడు: అక్కయ్య పద్యంలో కసరత్తు లేకపోయినా పిల్ల భయం తీర్చడానికి తాత పులిని ముద్దాడాడు, ఆ కారణం వల్ల నా ఓటు దానికే. కొంగ, కోతి, లేడి వచ్చాయి, బరువుగా అటూ ఇటూ ఊగే ఎలుగు మాత్రం ఎవరికీ పట్టలేదు. ఉద్దానం వాళ్ళకి ఎలుగంటే ఎంత భయమో తెలుసు, అయినా వచ్చే వారం సమస్య అదే: 'ఎలుగుబంటి బడికి నేగె నేఁడు'.