సిప్ యూనిట్లు అమ్మితే పన్ను లెక్క ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 2020 జూన్ నుంచి ఒక ఈక్విటీ ఫండ్‌లో (షేర్లలో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్) నెలనెలా సిప్, అంటే వాయిదా పెట్టుబడి, కడుతున్నాను, ఇప్పటికీ ఆపలేదు. మా అమ్మాయిని జూన్‌లో ఇంజనీరింగులో చేర్చాలి కనుక యూనిట్లన్నీ ఈ మార్చిలోనే అమ్మేద్దామనుకుంటున్నాను. స్టేట్‌మెంటులో దీర్ఘకాలిక లాభం 3,00,000, స్వల్పకాలిక లాభం 8,000 రూపాయలని విడివిడిగా ఉంది. మొదలుపెట్టి ఐదేళ్లు దాటాక స్వల్పకాలికం ఎక్కడి నుంచి వచ్చింది? నా జీతం ఏడాదికి 9 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను లేదంటున్నారు, అది ఈ లాభానికీ వర్తిస్తుందా?

జవాబు 1:
సిప్‌లో ప్రతి వాయిదా ఒక ప్రత్యేక కొనుగోలేనండి. ఖాతా ఎప్పుడు తెరిచారన్నది కాక, ఏ నెల వాయిదాకు వచ్చిన యూనిట్లు మీ దగ్గర ఎన్నాళ్లు ఉన్నాయన్నదే చూస్తారు. 12 నెలలు దాటినవే దీర్ఘకాలికం. గత ఏడాదిలో కట్టిన వాయిదాల లాభం అందుకే స్వల్పకాలికమైంది, దానిపై పన్ను 20 శాతం. దీర్ఘకాలిక లాభంలో ఆర్థిక సంవత్సరానికి 1,25,000 మినహాయించి, మిగిలినదానిపై 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు ఈ రేట్లు 15, 10 శాతాలుగా ఉండేవి కనుక పాత వ్యాసాలు చూసి లెక్క వేయకండి.

12 లక్షల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. అది రిబేటు, అంటే లెక్క తేలిన పన్నులో ఇచ్చే తగ్గింపు. జీతం వంటి ఆదాయంపై శ్లాబుల ప్రకారం పడే పన్నుకే వర్తిస్తుంది గానీ, ప్రత్యేక రేట్లున్న ఈ లాభాలకు వర్తించదు.

జవాబు 2:
అన్నీ ఒకేసారి అమ్మితే దీర్ఘకాలిక లాభంలో 1,75,000పై 21,875, సెస్సు 875 కలిపి 22,750 కట్టాలి. లాభంలో సగం మార్చి 31లోపు, మిగతా సగం ఏప్రిల్‌లో వచ్చేలా అమ్మితే మినహాయింపు రెండేళ్లకూ దక్కి, ఏడాదికి 3,250 చొప్పున 6,500తో సరిపోతుంది. అయితే ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్లు లెక్కిస్తారు, పాత యూనిట్లలో సాధారణంగా లాభం ఎక్కువ. అందుచేత సగం లాభమంటే సగం యూనిట్లు కాదు. ఏప్రిల్ నాటికి ధర మారే అవకాశాన్నీ, ఫీజు గడువునూ చూసుకోండి. చివరి 12 వాయిదాల యూనిట్లను కదపకుండా ఉంచగలిగితే 20 శాతం పన్నూ పడదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలు. రెండేళ్ల క్రితం షేర్లలో 40,000 నష్టపోయాను, రిటర్నులో చూపలేదు. ఇప్పుడు తగ్గించుకోవచ్చా?

జవాబు 1:
కుదరదండి. నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు గానీ, ఆ ఏడాది రిటర్నును గడువులోగా వేసి అందులో చూపి ఉండాలి.