అప్‌డేట్: దేవుడు పురుషుడా అన్న నా ప్రశ్న గురించి

దేవుణ్ణి తండ్రి అంటాం కాబట్టి ఆయన మగవాడేనా, సంఘంలో మగవాళ్ల పెత్తనానికి అదే ఆధారమా అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించిన వాక్యాలన్నీ చదివాను.

యెషయా 66:13 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తల్లి ఆదరించినట్టు మిమ్మల్ని ఆదరిస్తానని స్వయంగా దేవుడే అంటున్నాడు. 49:15లో అయితే, చంటిబిడ్డను తల్లి మరిచినా తాను మరవనంటాడు. లూకా 15లో పోయిన నాణెం కోసం ఇల్లంతా ఊడ్చి వెతికే స్త్రీ కూడా దేవుడికే పోలిక. (తప్పిపోయిన కుమారుడి మీద విన్నన్ని ప్రసంగాలు ఆమె మీద నేనెప్పుడూ వినలేదు.) మధ్యయుగపు ఇంగ్లండులో నార్విచ్ జూలియన్ అనే భక్తురాలు క్రీస్తును అమ్మ అనే రాసింది.

కేథలిక్ సంఘం తన విశ్వాసాన్ని వివరించే అధికారిక గ్రంథం, కేథలిక్ సత్యోపదేశం, 239వ పేరా కూడా దేవుడు పురుషుడూ కాడు, స్త్రీ కూడా కాదని తేల్చి చెబుతుంది. అయినా 1994లో పోపు రెండవ జాన్ పాల్ స్త్రీలకు గురుపట్టం (ప్రీస్టు పదవి) ఇచ్చే అధికారం సంఘానికి లేదన్నారు. అందుకు చూపిన ముఖ్య కారణం, యేసు అపొస్తలులుగా పురుషులనే ఎన్నుకోవడం. అదే ఏడాది, పోపు అధికారం కింద లేని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ (ఆంగ్లికన్ సంఘం) తొలిసారి స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకించింది. నాకు రెండోదే సువార్తకు దగ్గరగా అనిపిస్తోంది.

తండ్రీ అని ప్రార్థించడం నేను మానను. ఆ పిలుపును చూపించి స్త్రీలను నోరు మూసుకోమంటే మాత్రం ఇక ఊరుకోను.