చర్చ: బెజవాడ నుంచి సముద్రం పక్కన నెమ్మదిగా కారు ప్రయాణం – 216 రోడ్డా, ఉత్తరాంధ్రా?

బెంజిసర్కిల్ స్టీరింగ్:
జనవరి చివర, నాలుగు రోజులు. చిన్న పెట్రోలు కారు, వెనక సీట్లో అరవై దాటిన పెద్దవాళ్ళు ఇద్దరు. తొందరేం లేదు. సముద్రం, రాళ్ళు, పల్లెలు కావాలి. బందరు మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని కాకినాడ దాకా పొమ్మని కొందరంటున్నారు. ఆ రోడ్డు మీద సముద్రమే కనపడదు, ఉత్తరాంధ్ర వెళ్ళమని ఇంకొందరు. ఏది మేలు?

కొండగాలి:
రెండోవాళ్ళు చెప్పిందే నిజమండీ. ఒంగోలు నుంచి కత్తిపూడి దాకా దాదాపు 390 కిలోమీటర్ల 216ని అందరూ తీరపు రోడ్డంటారు గానీ, దాని మీద పూట పూటంతా నడిపినా అల కంటబడదు. కృష్ణా, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేల అది. రోడ్డుకీ సముద్రానికీ మధ్య మడ అడవులు, ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు. ప్రతి పాయకీ వంతెన కట్టలేరు కాబట్టి రోడ్డే లోపలికి జరిగింది. బందరు దగ్గర మంగినపూడి బీచిలో కాళ్ళకింద తగిలేది నల్లమట్టి.

రాయి కావాలంటే తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే చోటికే పోవాలి. అది విశాఖకి ముందే మొదలవుతుంది: రేవుపోలవరం, తంతడి. తర్వాత తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, చింతపల్లి లైట్‌హౌసు, కళింగపట్నం, బారువ.

అయితే దీన్ని తిరగేసి నడపండి. మొదటిరోజు 16వ నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాకా ఆగకుండా పోయి, మర్నాడు బారువ చూసి, అక్కణ్ణించి కిందికి దిగండి. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం కదా, దక్షిణానికి వస్తుంటే సముద్రం మన వైపే ఉంటుంది. నచ్చినచోట ఎదురు బళ్ళని దాటకుండా పక్కకి ఆపుకోవచ్చు.

రేవు మనిషి:
ఎడమ పక్క లాభం భీమిలి–విశాఖ ముక్కకే సార్. పాతిక, ముప్పై కిలోమీటర్లు. మిగతాదంతా దువ్వెన పళ్ళ యవ్వారం: హైవే మీంచి లోపలికి పోవడం, రేవు చూడటం, మళ్ళీ అదే దారిన హైవే ఎక్కడం. భీమిలి దాటితే గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార అన్నీ అడ్డమే. పైగా జనవరిలో నైరుతి దిక్కుకి నడిపితే సాయంత్రం నాలుగు దాటాక ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. ఇవన్నీ పక్కనబెట్టినా, పెద్దవాళ్ళని కూర్చోబెట్టి మొదటిరోజే 460 కిలోమీటర్లా? దాన్ని నెమ్మది ప్రయాణం అంటారా?

216లో సముద్రం కోసం వెతక్కూడదు. అది నదీముఖాల రోడ్డు. పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ ఎంత వెడల్పో చూడండి. అవనిగడ్డ నుంచి హంసలదీవి వెళ్తే వేణుగోపాలస్వామి గుడి, ఇంకా ముందుకెళ్తే సాగర సంగమం. పెడనలో కలంకారీ అచ్చులు అద్దుతుంటారు, చూడొచ్చు. నరసాపురంలో కారుని పంటు (బళ్ళని నది దాటించే పడవ) ఎక్కించి గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగితే అంతర్వేది దగ్గరే. పంటు లేకపోతే పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు మీదుగా చుట్టు తిరగాలి. వరదల కాలంలో పంటు ఆపేస్తారు గానీ జనవరిలో ఆ బెడద లేదు.

కొండగాలి:
పంటు బాగుంటుంది, కాదనను. కానీ ఆయన అడిగింది రాళ్ళు. ఎండ సంగతికి మందు సులువే, నాలుగింటికల్లా బస చేరిపోవడం. శ్రీకాకుళం ఒక్కరోజులో వద్దనుకుంటే మధ్యలో అన్నవరంలో దిగండి, పెద్దవాళ్ళకి దర్శనం కూడా అవుతుంది. అప్పుడు బారువ వదిలేసి కళింగపట్నం నుంచే వెనక్కి రావాలి. శ్రీకాకుళం నుంచి వెళ్ళే దారిలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాలు తగులుతాయి.

అరండల్‌పేట అన్న:
ఇద్దరూ పెట్రోలు దండగ చేయిస్తున్నారు 🙂 గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్లు, అక్కణ్ణించి సూర్యలంక 9. తర్వాత చీరాల, వాడరేవు, ఇంకాస్త కిందికి మోటుపల్లి. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకి అభయశాసనం వేయించిన రేవు అది. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. రాళ్ళు లేవు, ఒప్పుకుంటా. సూర్యలంకలోనూ వాడరేవులోనూ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. మోకాలి లోతు దాటొద్దు.

జాకీ పానా:
ఎటు వెళ్ళినా బండి సంగతి చూసుకోండి. ముందుచక్రాలు తిప్పే చిన్న కారుని ఇసుకలోకి దించకండి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, చక్రాల కింద గూళ్ళు నలిగిపోతాయి. అదొక్కటే చాలు దించకుండా ఉండటానికి. పొరపాటున దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు. చక్రం తిరిగేకొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది, కారు పొట్ట ఇసుకకి ఆనితే ఇక ట్రాక్టరే గతి. చక్రాల ముందూ వెనకా ఇసుక తీసి, గాలి 33 నుంచి 20 పీఎస్‌ఐకి దించి, మీరు వచ్చిన జాడలోనే రివర్సులో మెల్లగా రండి. ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఉంటే ఆపేయండి, లేకపోతే చక్రం కాస్త జారగానే ఇంజను బలం తగ్గించేస్తుంది. తారురోడ్డు ఎక్కగానే 12 వోల్టుల పంపుతో గాలి నింపాలి. 20తో వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి చిరుగుతుంది.

జాకీ కిందికి అడుగు పొడవు చెక్క ఒకటి పెట్టుకోండి. బండిని లాగించే కొక్కెం డిక్కీలో ఉందో లేదో ఇంట్లోనే చూసి, ఒకసారి బిగించి చూడండి. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిరుగుతుంది. ఇంటికొచ్చాక పైపైన కడిగి వదలొద్దు. ఉప్పు పట్టేది అడుగు భాగానికి, అక్కడ మంచినీళ్ళు కొట్టించండి.

రేవు మనిషి:
జాకీగారు వదిలేసినవి మూడు. దివిసీమలో, కోనసీమలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి అంచులకి రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనపడవు. చేపల లారీల నుంచి కారే నీళ్ళతో మలుపుల్లో రోడ్డు జారుతుంది, బైకులకి మరీ ప్రమాదం. జనవరిలో ఎనిమిది దాకా మంచు. తొమ్మిదికి బయల్దేరి అయిదుకి ఆపేస్తే చీకటీ మంచూ మీకు తగలవు.

కొండగాలి:
మా వైపూ ఒకటుంది, దాచను. టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల్ని చూసి భావనపాడు దిగుదామనుకుంటే, మూలపేట పోర్టు పనుల టిప్పర్లు దుమ్ము లేపుతుంటాయి. కిటికీలు ఎత్తి పెట్టుకోవాలి.

బెంజిసర్కిల్ స్టీరింగ్:
అన్నవరంలో మొదటి రాత్రి ఖాయం. మర్నాడు రేవుపోలవరం, భీమిలి. మూడోరోజు కళింగపట్నం వెళ్ళి విశాఖకి. వచ్చేటప్పుడు కత్తిపూడి దగ్గర 216లోకి దిగి, కాకినాడ, యానాం, అంతర్వేది, పంటు, బందరు అంటే నాలుగోరోజు ఒక్కదానిలో అవుతుందా?

రేవు మనిషి:
అవదండీ. అంతర్వేది, పంటు రెండూ తీసేయండి, లేదా అయిదోరోజు కలుపుకోండి. ఉప్పాడ–కాకినాడ బీచ్ రోడ్డు మీదుగా రావాలనుకుంటే ముందురోజే అక్కడివాళ్ళని అడగండి. సముద్రం ఆ రోడ్డుని కోస్తూనే ఉంది, తుపాను తగిలితే రాళ్ళు రోడ్డు మీదికొచ్చి మూసేస్తారు. మూసుంటే పిఠాపురం మీదుగా కాకినాడ వెళ్ళిపోండి.