మనిషిని సృష్టించింది పడిపోయిన దూతల ఖాళీ నింపడానికా?

ఆదివారం బడి టీచర్:

అందరికీ వందనాలు. ఈ మధ్య ఉజ్జీవ కూటాల్లో ఒక ప్రసంగం విన్నాను. లూసిఫరు పరలోకంలో పాటల గుంపుకి నాయకుడట. గర్వించి పడిపోయాడట, దూతల్లో మూడో వంతు మందిని వెంట లాక్కుపోయాడట. ఆ ఖాళీ నింపడానికే దేవుడు మనిషిని చేశాడట. పందిరంతా హల్లెలూయాలతో మోగిపోయింది. ఆ తర్వాతి ఆదివారం నా క్లాసులో పదకొండేళ్ల పాప లేచి, "టీచర్, వాళ్లు పడిపోకపోయుంటే నన్ను చేసేవాడు కాదా?" అని అడిగింది. బెంచీ అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మరీ అడిగింది. నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి బైబిల్ ముందేసుకుని కూర్చున్నాను. ఆ కథ మొత్తంగా ఒక్క చోట ఎక్కడా లేదు. "తేజోనక్షత్రమా, వేకువచుక్కా" అన్నది యెషయా 14లో బబులోను రాజు గురించిన పాట. యెహెజ్కేలు 28 తూరు రాజు గురించి. మూడో వంతు అన్నది ప్రకటన 12లో ఘటసర్పం తోకతో ఈడ్చిన నక్షత్రాల లెక్క. లూసిఫరు అన్న పేరు లాటిన్ బైబిల్ నుంచి వచ్చింది, మన తెలుగు బైబిల్లో లేదు. ఆ రాజుల వెనుక సాతాను నీడ ఉందని తొలి శతాబ్దాల నుంచే సంఘం చదువుతూ వచ్చింది, దాన్ని నేను కాదనను. కానీ మనిషిని ఆ ఖాళీలో పెట్టడానికి చేశాడని వీటిలో ఏదీ చెప్పడం లేదు.

పైగా యోబు 38 చూడండి. భూమికి పునాది వేసినప్పుడు "దేవదూతలందరును" ఆనందించి జయధ్వనులు చేశారని ఉంది. అందరును అంటే అప్పటికి ఎవరూ పడిపోలేదనే కదా? మరి మన ఇల్లు కట్టడం మొదలయ్యేటప్పటికి నింపాల్సిన ఖాళీ ఎక్కడుంది? మనిషిని దేవుడు కావాలని చేశాడు, ఎవరి బదులుగానో చేయలేదు. నా నమ్మకం ఇది. తప్పయితే చెప్పండి, నేర్చుకుంటాను.

పాత పుస్తకాల బీరువా:

టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇది ఆ ప్రసంగీకుడు సొంతంగా అల్లిన మాట కాదండి. 430లో చనిపోయిన సంఘ పండితుడు అగస్టీన్ రాసిన మాటే. దేవుడు మనుషుల్లోంచి ఒక జనాన్ని పోగుచేసి, దూతలు పడిపోయిన చోటును దానితో నింపుతాడని ఆయన రెండు పుస్తకాల్లో రాశాడు. ఆరు వందల ఏళ్లకు పైగా గడిచాక ఆన్సెల్మ్ అనే ఆర్చిబిషప్ దాన్నే ఎత్తుకున్నాడు. దేవుడు ఎందుకు మనిషి అయ్యాడన్న ప్రశ్న మీద బోసో అనే సన్యాసితో మాట్లాడుతున్నట్టుగా ఒక పుస్తకం రాసి, ఇంగ్లండు రాజుతో పడక ఇటలీలో తలదాచుకున్న రోజుల్లో, 1098లో పూర్తి చేశాడు. వాళ్లు పట్టుకున్న వచనం లూకా 20:36. పునరుత్థానంలో పాలుపొందినవారు "దేవదూత సమానులు" అని యేసు చెప్పిన మాట.

నాకైతే ఆ ఆలోచనలో ఒక అందం కనపడుతుంది. శత్రువు పాడు చేసిన ఇంటిని దేవుడు పాడుగా వదిలేయడు అనే ధైర్యం అందులో ఉంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆన్సెల్మే దీనికి హద్దు గీశాడు. మనిషిని కేవలం ఖాళీ కోసమే చేస్తే, రక్షణ పొందినవాడు "వాళ్లు పడిపోబట్టే కదా నాకు చోటు దొరికింది" అని సంతోషించాల్సి వస్తుంది. ఇంకొకరి నాశనం చూసి సంతోషించేవాడు దూతలకు సమానుడు ఎలా అవుతాడని ఆయన అడిగాడు. అందుకే ఒక్క దూత కూడా పడిపోకపోయినా మనుషులకు ఆ పరలోక పట్టణంలో చోటు ఉండేదన్న వైపే మొగ్గాడు. అంటే మీ పాప అడిగిన ప్రశ్న దగ్గరే ఆయన కూడా ఆగాడండి.

గుణదల యాత్రికుడు:

మా ఇంట్లో దూతల్ని సన్మనస్కులు అంటాం. చిన్నప్పుడు రోజూ పడుకునే ముందు కావలి సన్మనస్కు ప్రార్థన చెప్పించేది మా అమ్మ. కాబట్టి ఈ విషయం నాకు మనసుకి దగ్గరిది.

అసలు చిక్కు స్వేచ్ఛ దగ్గర ఉంది. 1215లో రోములో కూడిన బిషప్పుల సభ, నాలుగో లాటరన్ మహాసభ, తేల్చి చెప్పింది: దయ్యాల్ని కూడా దేవుడు మంచి స్వభావంతోనే చేశాడు, అవి తమంతట తామే చెడ్డవయ్యాయి. అంటే వాళ్లకూ స్వేచ్ఛ ఉంది. మరి వాళ్లకు తిరిగి రావడం ఎందుకు లేదు? దేవుడు క్షమించనని పంతం పట్టాడా? కాదు అంటాడు పదమూడో శతాబ్దపు సంఘ పండితుడు థామస్ అక్వినాస్. దూతకు శరీరం లేదు, మనలా ముక్కముక్కగా నేర్చుకోడు. రెండు రెళ్లు నాలుగని మనకు ఎలా ఒక్కసారే తెలిసిపోతుందో, అతనికి విషయం అలా ఒక్క చూపులో పూర్తిగా తెలుస్తుంది. తెలిసి, మొత్తం మనసుతో ఎంచుకుంటాడు. కొత్తగా తెలియాల్సింది ఏమీ మిగలదు కాబట్టి మనసు మార్చుకోవడానికి కారణమూ మిగలదు. మనుషులకు మరణం ఎలాంటిదో దూతలకు ఆ పతనం అలాంటిది అని దమస్కు యోహాను అనే సన్యాసి అంతకుముందే రాశాడు.

మనిషి అలా కాదు. మా నాన్న ఇరవై రెండేళ్లు తాగాడు. అమ్మ ఏడుపు, ఫాదర్ గారి బుద్ధులు, ఏవీ పని చేయలేదు. ఒక సాయంత్రం మా అన్నయ్య కూతురు, మూడేళ్లది, ఆయన ఒళ్లో నుంచి దిగిపోయి ముక్కు మూసుకుంది. అంతే. ఆయన లేచి నూతి దగ్గరికెళ్లి, చీకటి పడేదాకా ముఖం కడుక్కుంటూనే ఉన్నాడు. తర్వాత మళ్లీ రెండుసార్లు జారాడు, మూడోసారి నిలబడ్డాడు. అలసిపోయే ఒళ్లు, రేపు అనే రోజు, ఆ వాసన, ఆ సిగ్గు, ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఆయన తిరిగి రాగలిగాడు. సన్మనస్కుకు ఇవేవీ లేవు.

అందుకే శరీరాన్ని శిక్షగా చూసే మాట నాకు రుచించదు. మూడో శతాబ్దంలో ఆరిజన్ అనే పండితుడు అలాంటిదే చెప్పాడు. మొదట అందరూ ఒకేలాంటి ఆత్మలు, స్వేచ్ఛను పాడుచేసుకుని జారిన మేరకు కొందరు దూతలు, కొందరు మనుషులు, కొందరు దయ్యాలు అయ్యారని. ఆ బోధను 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ రోజుల్లో సంఘం తోసిపుచ్చింది. మనం సగం జారిన దూతలం కాదు. వేరే రకం ప్రేమ కోసం చేసిన వేరే రకం ప్రాణులం.

అడిగేవాణ్ణి:

నేను ఇప్పుడు చర్చికి వెళ్లను. ఆ సంగతి ముందే చెప్తున్నాను. అయినా అడగాలి.

మీరంతా చెడుకి కారణం స్వేచ్ఛ అంటారు. ఆకలి లేదు, రోగం లేదు, శోధించేవాడు లేడు, ఎదురుగా దేవుడే ఉన్నాడు. అలాంటి చోట దూతలు పడిపోయారు. అది చూశాక కూడా ఆకలీ రోగం ఉన్న మట్టి మనిషిని చేసి, అదే స్వేచ్ఛ ఎందుకు ఇచ్చాడు? రేపు పరలోకంలో మీకు స్వేచ్ఛ ఉంటుందా? ఉంటే మళ్లీ పడిపోవచ్చు. లేకపోతే, స్వేచ్ఛ లేకపోయినా బాగుండొచ్చని మీరే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు మొదటే అలా చేసి ఉండొచ్చు కదా?

ఇంకొకటి. మా అక్క కొడుకు ఆరేళ్లకి డెంగ్యూతో పోయాడు. సమాధి దగ్గర ఒకాయన వచ్చి, "పరలోకంలో ఒక దూత తక్కువయ్యాడమ్మా, అందుకే దేవుడు తీసుకెళ్లాడు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు, పాపం. అక్క ఆ తర్వాత ప్రార్థన చేయడం మానేసింది. తన పిల్లవాడు దేవుడికి ఒక లెక్క సరిచేసుకోవడానికి పనికొచ్చాడా అని అడుగుతుంది. టీచర్ గారూ, మీ పాప అడిగిందీ మా అక్క అడిగేదీ ఒకటే ప్రశ్న.

ఏర్పాటును నమ్మేవాడు:

బ్రదర్, మీ అక్కగారి గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సిద్ధాంతం గురించి రెండు మాటలే. 1 తిమోతి 5:21లో పౌలు "ఏర్పరచబడిన దేవదూతలు" అంటాడు. నిలబడ్డ దూతలు సొంత బలంతో కాదు, కృప వల్ల నిలబడ్డారు. కాబట్టి అంతా స్వేచ్ఛ మీదికి నెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. మనిషిని ఎందుకు చేశాడో యెషయా 43:7 చెప్తుంది: "నా మహిమ నిమిత్తము". మా సంఘాలు విశ్వాసం నేర్పడానికి వాడే 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరాలు అక్కడే మొదలవుతాయి, దేవుణ్ణి మహిమపరచడం, ఎప్పటికీ ఆయనలో ఆనందించడం అని. ఆ రెండో సగాన్ని మావాళ్లే చాలామంది మర్చిపోతారు.

మెట్ట పొలం:

నేను పెద్దగా చదువుకోలేదండి. వ్యవసాయం. ఆదికాండం 2:5లో ఒక ఖాళీ గురించి రాసుంది, ఎవరూ చెప్పలేదని చెప్తున్నాను. "నేలను సేద్యపరచుటకు నరుడు లేడు." వాన పడలేదు, చెట్టు మొలవలేదు, దున్నేవాడు లేడు. బైబిల్ చెప్పిన ఖాళీ ఇదండీ. అది పైన లేదు, మన కాళ్ల కింద నేల మీద ఉంది. దూత వచ్చి అరక పట్టలేడు కదా. మన్ను పనికి మన్నుతో చేసినవాడే కావాలి.

ఆదివారం బడి టీచర్:

మెట్ట పొలం గారూ, ఇన్నేళ్లు ఆ వచనం పిల్లలకు చదివించాను, ఇలా ఒక్కసారీ చూడలేదు.

అడిగేవాణ్ణి గారూ, ముందు మీ అక్కగారి మాట. పిల్లలు చనిపోతే దూతలవుతారని బైబిల్లో ఎక్కడా లేదు. "దేవదూత సమానులు" అని ఉంది, దూతలైపోతారని లేదు. దూతలు రక్షణ పొందబోయేవారికి పరిచారం చేయడానికి పంపబడిన సేవకులని హెబ్రీ పత్రిక చెప్తుంది. పక్క అధ్యాయంలోనే, క్రీస్తు "దేవదూతల స్వభావమును ధరించుకొనక, అబ్రాహాము సంతాన స్వభావమును" ధరించుకున్నాడని ఉంది. దేవుడు దూతగా మారలేదు, ఆరేళ్ల పిల్లవాడిగా కూడా ఒకప్పుడు బతికాడు. పరలోకంలో ఎవరో తక్కువై మీ మేనల్లుణ్ణి తీసుకున్నాడన్నది అబద్ధం. అపొస్తలుల కార్యాలు 17:25లో దేవుడు "తనకు ఏదైనను కొదువ యున్నట్టు" సేవింపబడేవాడు కాడని పౌలు ఏథెన్సులో చెప్పాడు. కొదువ లేనివాడికి లెక్క సరిచేసుకోవాల్సిన పని లేదు. రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్ కూడా ఇదే రాశాడు: దేవుడు ఆదామును తనకు అవసరమై చేయలేదు, తన మేలు పొందడానికి ఒకరు ఉండాలని చేశాడు అని. ఆ బాబు ఎందుకు పోయాడో నాకు తెలియదండి. తెలిసినట్టు మాట్లాడను.

స్వేచ్ఛ గురించి: కన్నతల్లి బిడ్డకు విషం పెట్టగలదా? లేదు. ఎవరో ఆమె చేతులు కట్టేసినందుకు కాదు. ప్రేమ అంత ముదిరాక అది ఆమె వల్ల కాదు, అయినా ఆమె కంటే స్వేచ్ఛగా ఆ ఇంట్లో ఎవరూ లేరు. పాపం చేయకుండా ఉండగలగడం వేరు, పాపం చేయలేకపోవడం వేరు, రెండోదే పెద్ద స్వేచ్ఛ అని అగస్టీన్ చెప్పింది ఇదేనని నా అవగాహన. మొదటే అలా ఎందుకు చేయలేదంటారా? తల్లి ప్రేమ రాత్రిళ్లు మేల్కొని మేల్కొని ముదిరింది. ఇరేనియస్ ఆదామును పసివాడితో పోల్చాడు, ఎదగడానికి చేసినవాడని.

అడిగేవాణ్ణి:

ఎదగడానికి ఆరేళ్లే దొరికినవాడి సంగతి ఏంటని అడుగుతాను, దానికి ఇక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. నా అభిప్రాయం మారలేదు. చనిపోయాక ఎదుగుతాడు అంటే నేను నమ్మలేను.

అయినా నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేశాను. ఆ సమాధి దగ్గర అన్న మాట బైబిల్లో లేదట అని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కుక్కర్ విజిల్ వచ్చినా లేచి వెళ్లలేదు. తర్వాత, ఆ హెబ్రీ పత్రికలో వచనాలు ఎక్కడున్నాయో అడిగి చెప్పమంది.

ఆదివారం బడి టీచర్:

1వ అధ్యాయం 14, 2వ అధ్యాయం 16. దగ్గర దగ్గరే ఉంటాయి.