పండుగ కూరను మళ్ళీ పొయ్యి ఎక్కించవచ్చునా?

పర్లాకిమిడి గృహిణి:
ప్రతి సంక్రాంతికీ మా ఇంట్లో ఇదే వాదన. పండుగ నాటి మధ్యాహ్నం గుమ్మడి, కంద, చిలగడదుంప, చిక్కుడు, ముల్లంగి వేసి పెద్ద గిన్నెడు ముక్కల పులుసు పెడతాము. మర్నాడు కనుమ, మాంసం, గారెలు వచ్చాక ఆ పులుసు వైపు ఎవరూ చూడరు. ముక్కనుమ నాడు అందరూ ఆలస్యంగా లేచి, ఫలహారానికి పొద్దు దాటి భోజనానికి పొద్దు కాని పదిన్నర వేళ ఆకలి అంటారు. అప్పుడు నేను ఆ పులుసులో బియ్యం, పెసరపప్పు పోసి మెత్తగా ఉడికించి, నేతి తాలింపు పెట్టి వడ్డిస్తాను. గుమ్మడి ముక్కలు కరిగి అన్నం పసుపుపచ్చగా, కాస్త తియ్యగా మారుతుంది, చలిపొద్దున అది కడుపులో పడితే ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. మా అత్తగారు మాత్రం నిల్వ కూర అని ముట్టరు. నేను చేసేది తప్పా?

బరంపురం పెద్దాయన:
అమ్మా, మీ అత్తగారి మాటే సబబు. మిగిల్చుకోవలసింది కాయలను గాని కూరను కాదు. మా ఇంట్లో గుమ్మడి సగం చెక్క, రెండు అరటికాయలు, నాలుగు వంకాయలు తరగకుండా దాచి, మర్నాడు కందిపప్పుతో దాల్మా అనే ఒడియా పప్పుకూర వండుతాము. ఉల్లి, వెల్లుల్లి పడవు. పంచఫుటన, అంటే ఐదు దినుసుల తాలింపు పెట్టి, దింపే ముందు వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి, కొబ్బరి కోరు చల్లుతాము. ఒకసారి ఉడికిన చిక్కుడును మళ్ళీ ఉడికిస్తే పీచు తప్ప మిగిలేది ఏమిటి?

గుణుపురం కుర్రవాడు:
పెద్దాయన గారూ, మన్నించాలి. ఇక్కడ మన ఒడిశాలో ఒడియా వారు నీళ్ళలో నానిన అన్నం, పఖాళ తింటారు, మనం చద్దన్నం తింటాం. పెద్దల మాట చద్దన్నం మూట అని చెప్పుకునే జాతికి నిన్నటి పులుసు మీద ఇంత అనుమానం ఎందుకు?

బరంపురం పెద్దాయన:
నాయనా, చద్దన్నం మూట అన్నారు గాని చద్దికూర మూట అనలేదు.

రాయగడ ఉపాధ్యాయురాలు:
నేను ఆహార పోషణ బోధిస్తాను కనుక ఒక మాట చెప్పనివ్వండి. పఖాళలో అన్నం నీళ్ళలో పులుస్తుంది, ఆ పులుపే చాలా సూక్ష్మజీవులను అదుపులో పెడుతుంది. మీ పులుసుకు కూడా చింతపండు కొంత రక్షణ ఇస్తుంది, అందుకే అది పప్పుకూర కన్నా ఆలస్యంగా పాడవుతుంది. అయితే సంక్రాంతి మధ్యాహ్నం వండినది ముక్కనుమ పదిన్నరకు దాదాపు 46 గంటల వంట. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, మన వంటిళ్ళు పుష్యమాసపు చలిలోనూ 5 డిగ్రీలకు దిగవు. మళ్ళీ మరిగిస్తే అన్నీ చస్తాయన్న ధీమా కూడా పూర్తిగా నిజం కాదు. అన్నంలోనూ దుంపలలోనూ పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విడిచే ఒక విషపదార్థం మరిగించినా నశించదు. వండిన రెండు గంటల లోపే చిన్న గిన్నెలలోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే మీ వంటకు నాకు అభ్యంతరం లేదు. గిన్నె పొయ్యి గట్టు మీదే ఉండి ఉంటే, గరిటెతో ఎత్తినప్పుడు తీగ సాగకపోయినా, వాసన మారకపోయినా పారబోయవలసిందే. పూరీ జగన్నాథుని నిర్మాల్యం నెలల తరబడి నిలుస్తుందని ఎవరైనా అంటారేమో, అది తడి లేకుండా ఎండబెట్టిన అన్నం కనుక నిలుస్తుంది.

పర్లాకిమిడి గృహిణి:
ఒప్పుకుంటున్నాను. మా ఫ్రిజ్ పండుగకు పాలతో, మాంసంతో నిండిపోతుంది, గిన్నె గట్టు మీదే ఉంటుంది. నిరుడు చిన్నవాడికి ఆ సాయంత్రం రెండు వాంతులైతే అరిసెలు ఎక్కువ తిన్నాడని వాడినే కోప్పడ్డాను. అయినా పెద్దాయన గారితో ఒక విషయంలో ఏకీభవించలేను. ఆ పులుసన్నానికి వచ్చే రుచి ముక్కలు ఒకరోజు పులుపులో ఊరడం వల్లనే వస్తుంది, తాజా కాయల దాల్మాకు అది రాదు. 1936 ఏప్రిల్ 1న మా ఊరు ఒడిశాలో కలిసింది, ఇన్నేళ్ళలో దాల్మా మా ఇంటి వంటే అయిపోయింది, కాబట్టి తెలియక అంటున్న మాట కాదు.

ఈ ఏడు పులుసు సగమే పెట్టి, మిగిలినది ఆ పూటే డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెడతాను, పాలు ఎక్కడ పెట్టాలో మావారే చూసుకుంటారు. ఎలాగూ సగం గుమ్మడికాయ, ఒక కందగడ్డ మిగులుతాయి. కంద దాల్మాలో వేస్తే గొంతు దురద పెట్టదా?

బరంపురం పెద్దాయన:
ముందుగా చింతపండు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి పప్పులో వేయండి, దురద ఉండదు. గుమ్మడి మాత్రం చివర్న వేయాలి. కోసిన చెక్కకు మధ్యనున్న గింజలు, గుజ్జు ఆ రోజే తీసివేయండి, కుళ్ళు అక్కడి నుంచే మొదలవుతుంది.